చుక్క బర్రె పుస్తకం, ఏడో పేజీ

ఉట్నూరు,
10 జూలై 2024

మామా,

కాళ్ళకు దండం. మోకాలి నొప్పి తగ్గిందా? నీకు ఫోన్ చేయడం మానేశాను, కోపం తెచ్చుకోకు. మొన్న "వానలు పడుతున్నాయా మామా" అని అడిగితే "తిన్న బిడ్డా, పప్పుచారు" అన్నావు. నీ చెవులు ఇలా అయ్యాక మనిద్దరికీ ఉత్తరాలే నయం. పైగా నీ దస్తూరీ చూస్తే నీ పక్కన కూర్చున్నట్టు ఉంటుంది.

ఇక్కడ మా బడి పిల్లలకు బొమ్మలు నేర్పుతూనే ఉన్నాను. ఒక సంతోషం చెప్పాలి. నేను గీసిన బొమ్మల పుస్తకం వేయడానికి ఒక ప్రచురణ సంస్థ వాళ్ళు ఒప్పుకున్నారు! మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల కోసం. పదహారు పేజీలు, పేజీకి రెండే రెండు వాక్యాలు. కథ ఎవరిదో చెప్పుకో. మన చుక్క బర్రెది, కాలూ కుక్కది, పక్కింటి అమీనా చాచీ వాళ్ళ పుంజు నవాబ్‌ది.

నాన్న పోయాక అమ్మ నన్ను తీసుకుని గౌలిపురలో నీ ఇంటికి వచ్చినప్పుడు నాకు ఆరేళ్ళు. ఆ నాలుగేళ్ళలో నా స్నేహితులు ఈ ముగ్గురే. నవాబ్ చుక్క వీపు మీద ఎక్కి కూసేవాడు, కాలూ దాని కాళ్ళ మధ్య పడుకునేది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు నువ్వు చుక్కను షాద్‌నగర్ దగ్గర నీ దోస్తు మైసయ్య పొలానికి పంపించావు, అక్కడ గడ్డి బాగా దొరుకుతుందని. నా పుస్తకంలో కాలూ, నవాబ్ ఆ ఎడబాటు ఓర్చుకోలేక ఫలక్‌నుమా స్టేషన్‌లో రైలెక్కి వెళ్ళి చుక్కను కలుసుకుంటారు. టికెట్ లేకుండానే!

జిరాక్స్ కాపీలు పంపుతున్నాను. నీకు నచ్చితేనే నాకు నచ్చినట్టు. తప్పులుంటే చెప్పు.

నీ కీర్తి

*

గౌలిపుర,
19 జూలై 2024

కీర్తిప్రియ బిడ్డకు మామ బాలనర్సింహ దీవించి రాయునది.

నీ బొమ్మలు అందాయి. భూతద్దం పెట్టుకుని రెండు రోజులు చూశాను. కొట్టం తలుపుకు రేకు కొట్టిన సంగతి కూడా గీశావు, నీకెట్లా గుర్తుంది తల్లీ? ఆ కొట్టంలో ఇప్పుడు ఎదురింటి వాళ్ళు మోటారు సైకిళ్ళు పెట్టుకుంటున్నారు. ఒకప్పుడు ఈ గల్లీలో పద్నాలుగు ఇళ్ళకు పాలు పోసినవాణ్ణి, ఇప్పుడు ప్యాకెట్ పాలతో చాయ్ పెట్టుకుంటున్నాను.

చుక్క నుదుటి మచ్చ గుండ్రంగా ఉండదు, కొంచెం ఎడమకు జారి ఉంటుంది. కాలూకు కుడి చెవి చిరిగి ఉండేది. నవాబ్ తోక నువ్వు గీసినంత ఘనంగా ఉండేది కాదు, సగం ఈకలు పిల్లలే పీకారు. అయినా ఉండనీ, పాపం.

ఒక మాట. ఏడో పేజీ తీసెయ్. మిగతావన్నీ బాగున్నాయి.

మైసయ్య పోయిన ఏడు కాలం చేశాడు, నీకు చెప్పానో లేదో. ఆరోగ్యం జాగ్రత్త. చన్నీళ్ళతో స్నానం చేయకు.

మీ మామ

*

ఉట్నూరు,
28 జూలై 2024

మామా,

మచ్చ జరిపాను, చెవి చింపాను. నవాబ్ తోక మాత్రం అలాగే ఉంచాను, వాడికి ఆ మాత్రం దక్కనీ.

ఏడో పేజీ ఎందుకు తీయాలి? నాకు అర్థం కాలేదు. పొద్దున్నే చిన్న కీర్తి అమీనా చాచీ వాళ్ళ గేటు మేకుకు తగిలించిన కవర్ తీసుకుని, మిగిలిపోయిన రొట్టెలు చుక్కకు అందించే పేజీ అది. "అమీనా చాచీ రొట్టెలంటే చుక్కకు ప్రాణం. కవర్ గలగలమంటే చాలు, దాని చెవులు లేచి నిలబడతాయి." ఈ రెండు వాక్యాల కోసం నేను నెల రోజులు కష్టపడ్డాను. పుస్తకం వేసేవాళ్ళకు అన్నింటికన్నా ఆ బొమ్మే నచ్చింది. దాన్నే అట్ట మీద వేద్దామంటున్నారు.

మిగిలిపోయిన రొట్టెలు అడిగి తెచ్చుకునేవాళ్ళం అని జనం అనుకుంటారనా? అనుకోనీ మామా. మనం బీదగా ఉన్నమాట నిజమే కదా. అందులో సిగ్గేముంది?

మా బడి హాస్టల్ పిల్లలు చుక్క బొమ్మకు పేరు పెట్టారు, "టీచరమ్మ బర్రె" అని.

నీ కీర్తి

*

గౌలిపుర,
6 ఆగస్టు 2024

కీర్తి బిడ్డకు,

అట్ట మీద ఆ బొమ్మ వద్దు. లోపలా వద్దు. బీదతనం గురించి కాదు. అమీనా పేరు, వాళ్ళింటి రొట్టె సంగతి ఆ పుస్తకంలో ఎక్కడా రానీయకు. ఎందుకు అని అడగకు. ఇన్నేళ్ళలో నేను నిన్ను ఏదీ అడగలేదు. ఇది ఒక్కటి విను.

వానకు కొట్టం గోడ కొంత కూలింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

మామ

*

ఉట్నూరు,
17 ఆగస్టు 2024

మామా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ ఇది మా మామ రాసిందేనా అనిపించింది.

అమీనా చాచీ పేరు రాకూడదా? నాకు టైఫాయిడ్ వస్తే పదకొండు రోజులు తన ఒళ్ళో పడుకోబెట్టుకుంది ఎవరు? రంజాన్ నెలలో వాహెద్ చాచా దగ్గర కూర్చుని నువ్వు హలీం తినలేదా? ఆయన జనాజాకు భుజం పట్టింది నువ్వు కాదా? ఇప్పుడు ఏమైంది? కాలం మారిందని మనుషులు మారడం చూస్తున్నాను. ఇక్కడ స్టాఫ్‌రూమ్‌లోనూ అవే మాటలు. కానీ నీ నోటి నుంచి వస్తాయని అనుకోలేదు.

నీకు ఫోన్ చేసి లాభం లేదు కాబట్టి, కిషన్‌బాగ్‌లో కూతురు హఫ్సా ఇంట్లో ఉన్న అమీనా చాచీకి చేశాను. "మా మామకూ మీకూ ఏమైనా గొడవ అయిందా చాచీ?" అని అడిగాను. ఆమె "లొల్లి ఏం లేదు బేటా. కాని నర్సన్న మా ఇంటికి రాక రెండు ఈద్‌లు అయింది. మోకాలు నొప్పి అన్నడు. మోకాలే అనుకున్న నేను" అంది. నేను పేజీ సంగతి కూడా చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. కానీ చెప్పాను.

ఏడో పేజీ ఉంటుంది మామా. పుస్తకం అమీనా చాచీకే అంకితం ఇస్తున్నాను. సెప్టెంబర్ చివర్లో అచ్చుకు వెళ్తుంది.

కీర్తిప్రియ

*

గౌలిపుర,
9 సెప్టెంబర్ 2024

కీర్తి బిడ్డా,

నువ్వు కింద "నీ కీర్తి" అని రాయలేదు. చూశాను.

పోయిన శుక్రవారం అమీనా వచ్చింది. ఆటో దిగి, నడవలేక నడుస్తూ. కుర్చీ వేశాను, కూర్చోలేదు. నా చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అడిగింది, "మా రొట్టెలు గలీజయినయా అన్నా? ఇరవై రెండేండ్లకు గిప్పుడు యాదికొచ్చిందా?" అని. "గట్ల కాదు చెల్లె" అన్నాను. "మరి ఎట్ల?" అంది. నేను చెప్పలేకపోయాను. నీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది. మా ఇంట్లో నీళ్ళు తాగకుండా ఆమె వెళ్ళడం అదే మొదటిసారి.

అందుకని ఇక రాస్తున్నాను. కూర్చుని చదువు.

చుక్కను మైసయ్య పొలానికి పంపలేదు. చుక్క చచ్చిపోయింది. మూడు రోజులు మేత ముట్టలేదు, కడుపు ఉబ్బింది. పశువుల డాక్టర్ వచ్చేసరికే ఆలస్యమైంది. నువ్వు బడికి వెళ్ళాక, పొద్దున పది గంటలకు పోయింది. డాక్టర్ కడుపు కోసి చూపించాడు. గంపెడు ప్లాస్టిక్ కవర్లు బిడ్డా. అన్నీ నల్లగా, ఒకదాంట్లో ఒకటి చుట్టుకుపోయి, తాడులాగా. వాటి మీద, కొత్తది ఒకటి. ముడి విప్పని కవర్. లోపల రెండు రొట్టెలు అట్లాగే ఉన్నాయి. దాని మీద ఎర్ర గీతలు. ఆ గీతల కవర్ వాహెద్ భాయ్ గాజుల దుకాణంది.

వాహెద్ భాయ్ నా పక్కనే ఉన్నాడు. ఆయనే దాన్ని తీసి జేబులో పెట్టుకున్నాడు. "నర్సన్నా, గీ ముచ్చట మన ఇద్దరి నడుమనే ఉండాలె. పోరికి తెల్వొద్దు. మా అమీనాకు అసలే తెల్వొద్దు. తెలిస్తే అన్నం ముట్టదు అది" అన్నాడు. ఇద్దరం ఒట్టు పెట్టుకున్నాం. పోయేదాకా ఆయన నోరు విప్పలేదు. నువ్వు బడి నుంచి వచ్చి అడిగితే షాద్‌నగర్ అన్నాను. మీ అమ్మకు కూడా అదే చెప్పాను.

ఇంతవరకు రాసి ఆపేద్దామనుకున్నాను. కానీ ఇంకో సగం ఉంది. అది చెప్పకపోతే నేను నీకు మళ్ళీ అబద్ధం చెప్పినట్టే.

నువ్వు రొట్టెలు పెట్టింది ఆరు నెలలు. ఆ గంపెడు కవర్లు ఆరు నెలల్లో చేరినవి కావు. పచ్చిగడ్డి ధర పిరమైందని, పొద్దున పాలు పిండగానే తొమ్మిదేళ్ళు దాన్ని గల్లీలోకి తోలింది నేను. చెత్తకుండీ దగ్గర అది మేస్తుంటే చూసీ చూడనట్టు పోయింది నేను. అయినా ఆ రోజు నా కళ్ళు ఆ ఒక్క ముడి మీదే నిలబడ్డాయి. దాన్ని చూస్తూ ఉంటే మిగతావి చూడక్కర్లేదు కదా. కొన్నాళ్ళు మనసులో తప్పంతా నీ మీదే వేశాను తల్లీ. ఎనిమిదేళ్ళ పిల్ల మీద. ఎవరికీ చెప్పకపోవడం నీ కోసమే అని నాకు నేను చెప్పుకున్నాను. సగమే నీ కోసం.

ఆ పుస్తకం ఎంతమంది పిల్లలు చూస్తారో. చూసి, ముడితో సహా కవర్ అందిస్తారు. అందుకే వద్దన్నాను. అమీనాకు చెప్పాలో వద్దో నాకు తెలియదు. నాకు ధైర్యం లేదు.

మామ

*

ఉట్నూరు,
27 సెప్టెంబర్ 2024

మామా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులు దాటింది. నాలుగు జవాబులు మొదలుపెట్టి చించేశాను.

నాకు ఆ ముడి గుర్తుంది. చాచీ గట్టిగా కట్టేది, కుక్కలు లాక్కుపోకుండా. నా గోళ్ళతో విప్పబోతే వచ్చేది కాదు. బడికి ఆలస్యమవుతుందని అట్లాగే నోటికి అందించేదాన్ని. చుక్క రొట్టె తిని కవర్ ఉమ్మేస్తుందనుకున్నాను. ఒక్కసారైనా నేల మీద ఉమ్మేసిన కవర్ కనబడలేదేం అని నేను ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తున్నాను. క్లాసులో పిల్లలు డ్రాయింగ్ కాగితాల చప్పుడు చేస్తే ఉలిక్కిపడుతున్నాను.

ఎనిమిదేళ్ళ పిల్ల కదా అని నువ్వంటావు. నేనూ అదే చెప్పుకుంటున్నాను. కొంచెం కొంచెంగా నమ్ముతున్నాను.

నీ మీద ఏం రాశానో తలచుకుంటే ముఖం చూపించలేను. అడగాల్సింది అడగకుండా, నాకు తోచింది రాసేశాను. నన్ను క్షమించు. నీ సగం నువ్వు రాసినందుకు నాకు నీ మీద కోపం లేదు మామా. అది రాయకపోతే వచ్చేదేమో.

పుస్తకం ఆపించాను. అచ్చు ప్లేట్లు సిద్ధమయ్యాయని వాళ్ళు విసుక్కున్నారు, కారణం చెప్పాక ఏమీ అనలేదు. ఆ ఎడిటర్ అమ్మాయి ఇంట్లో కూడా గేటుకు కవర్ తగిలించే అలవాటు ఉందట.

మరో పని కూడా చేశాను. నిన్న అమీనా చాచీకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. నీ పేరు మీద పడ్డ మచ్చ నా వల్ల పడింది, దాన్ని తుడవకుండా ఉండలేకపోయాను. ఆమె అంతా విన్నది. "ముడి నేనే కట్టేదాన్ని" అంది. ఆ తర్వాత ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే హఫ్సా ఎత్తి, "అమ్మీ మాట్లాడుత లేదు" అంది. నాకు భయంగా ఉంది. తప్పు చేశానా?

నీ కీర్తి

*

గౌలిపుర,
8 అక్టోబర్ 2024

కీర్తి బిడ్డకు మామ దీవెనలు.

నువ్వు తప్పు చేయలేదు. చేసిందీ చెప్పిందీ సరే. ఇక్కడ ఏం జరిగిందో చెబుతాను, భయపడకు.

అమీనా ఆదివారం పొద్దున్నే వచ్చింది. ఈసారి కుర్చీ వేయకముందే కూర్చుంది. ఏడుస్తుందనుకుని సిద్ధపడ్డాను. ఏడవలేదు. కొట్టినంత పని చేసింది. "మీ ఇద్దరు మొగోళ్ళు నన్నేమనుకున్నరు?" అని చెవిలో అరిచింది. గల్లీ అంతా విన్నది. "ఇరవై రెండేండ్లు మా ఇంటాయన నా పక్కల పండుకొని నాకు చెప్పలే. నువ్వు నా చేతి చాయ్ తాగుకుంట నాకు చెప్పలే. చుక్క మీదేనా? నా నవాబ్ దాని మీదనే పెరిగిండు గద! ఏడ్వనీకె నాకు హక్కు లేదా? నన్ను బయటిదాన్ని చేసినవ్ అన్నా."

నేను ఇన్నేళ్ళూ ఆమెను కాపాడుతున్నాననుకున్నాను. ఆమెకు అది తలుపు వేసినట్టు తగిలింది. నాకు ఆ ఊహే రాలేదు.

చేతులు జోడించాను. "ఆ చేతులు దించు, అన్నం పెట్టు" అంది. పొద్దున తొమ్మిదికి అన్నం ఎక్కడిది? రాత్రి చద్దన్నంలో పెరుగు కలిపి ఇచ్చాను. తిన్నది. తిన్నాకే ఏడ్చింది. మొదట చుక్క కోసం, తర్వాత వాహెద్ భాయ్ కోసం. ఆయన ఆ కవర్‌ను జేబులో పెట్టుకుని ఇంటికి ఎట్లా పోయాడో, దాన్ని ఎక్కడ దాచాడో అని అడిగింది. నాకు తెలియదన్నాను. తెలియదు కూడా.

రెండు ఈద్‌లకు పోకపోవడానికి మోకాలే కారణం. ఆమె నమ్మింది, నువ్వూ నమ్ము. ఆమెతో మాట్లాడాలంటే ఆమె అరవాలి, అరిస్తే ఆమెకు ఆయాసం. అందుకే పోలేదు. ఇకనుంచి నెలకోసారి హఫ్సా ఆటో పంపుతుందట.

కవర్లు ఇప్పుడు మన గల్లీలోనూ గేట్లకు వేలాడుతున్నాయి. బర్రెలు లేవు, ఆవులు తిరుగుతున్నాయి. రోజూ సాయంత్రం వాకింగ్‌కు పోయినట్టు పోయి ముడులు విప్పి, రొట్టెలు అరుగుల మీద పెట్టి వస్తున్నాను. ఈ ముసలాయనకు పిచ్చి పట్టిందనుకుంటున్నారు కొందరు. ఎవరేమన్నా నాకు వినపడదు కదా.

పుస్తకం మానేయకు.

మీ మామ

*

ఉట్నూరు,
21 జనవరి 2025

మామా,

పుస్తకం అచ్చయింది! పార్సెల్‌లో పది కాపీలు పంపుతున్నాను. రెండు నీకు, మిగతావి గల్లీ పిల్లలకు, అమీనా చాచీ మనవరాలు ఉమ్మే హానీకి.

ఏడో పేజీని తీయలేదు, మార్చాను. ఇప్పుడది రెండు పేజీలైంది. కీర్తికి ముడి విప్పడం రాదు. కాలూ ముడి కొస ఒకటి పట్టుకుని లాగుతుంది. నవాబ్ ముక్కుతో పొడుస్తాడు. ముగ్గురూ కలిసి విప్పుతారు. రొట్టెలు పళ్ళెంలో పెడతారు, ఖాళీ కవర్ కీర్తి మడిచి సంచిలో వేసుకుంటుంది. చుక్క అంతసేపూ ఓపికగా నిలబడుతుంది. ఎడిటర్ అమ్మాయి మొదటి బొమ్మ కంటే ఇదే బాగుందంటోంది. నాకూ అంతే.

చివరి రైలు పేజీల గురించి చాలా రోజులు తన్నుకులాడాను. చుక్క షాద్‌నగర్‌లో లేదని తెలిశాక కాలూను, నవాబ్‌ను అక్కడికి పంపడం అబద్ధం అవుతుందా? తీసేద్దామని కూర్చున్నాను. కానీ కాలూ నెల రోజులు ఖాళీ కొట్టంలో పడుకోవడం నేను చూశాను మామా. దాన్ని అక్కడే వదిలేయలేకపోయాను. రైలెక్కించాను. తప్పో ఒప్పో నువ్వు చెప్పు.

అంకితం పేజీ నీకు చెప్పను. చూసుకో.

నీ కీర్తి

*

గౌలిపుర,
9 ఫిబ్రవరి 2025

కీర్తి బిడ్డకు మామ బాలనర్సింహ దీవించి రాయునది.

పార్సెల్ అందింది. అంకితం చూశాను. "నిజం చెప్పిన మామకు, నిజం విన్న చాచీకి." అమీనాకు చదివి వినిపించాను. "నా పేరు ఉత్తగ చాచీ అనా? అమీనా అని రాయొచ్చు గద" అంది. కోపం కాదు, సంతోషమే. అయినా రెండోసారి అచ్చు వేస్తే పేరు వేయించు.

నిన్న ఆటోలో కిషన్‌బాగ్ పోయాను. హానీకి నాలుగేళ్ళు నిండాయి. పుస్తకం చేతికిస్తే ముందు వాసన చూసింది. తర్వాత నా ఒళ్ళో కూర్చుని చదవమంది. నేను ఎంత గట్టిగా చదువుతున్నానో నాకు తెలియదు, పక్కింటి ఆవిడ వచ్చి చూసి పోయింది. ముడి విప్పే చోట హానీ ఊపిరి బిగపట్టింది. విప్పాక చప్పట్లు కొట్టింది. రైల్లో నవాబ్ కిటికీ దగ్గర కూర్చున్న బొమ్మ చూసి పడీ పడీ నవ్వింది. టికెట్ ఏది అని అడిగిందట, అమీనా నా చెవిలో అరిచి చెప్పింది.

చివరి పేజీకి వచ్చాం. చుక్క పచ్చిగడ్డిలో నిలబడి ఉంది, మచ్చ కొంచెం ఎడమకు జారి ఉంది. కాలూ కాళ్ళ మధ్య, నవాబ్ వీపు మీద. హానీ ఏదో అడిగింది. నాకు వినపడలేదు. అమీనా వైపు చూశాను. ఆమె దగ్గరికి వచ్చి నెమ్మదిగా, నాకు వినపడేంత మాత్రం గట్టిగా చెప్పింది: "నిజంగనే దొరికిందా అని అడుగుతున్నది."

ఏం చెప్పాలి బిడ్డా? నీ బొమ్మ పాడుచేయడం నాకిష్టం లేదు. ఆ పిల్లకు అబద్ధం చెప్పడమూ ఇష్టం లేదు. అమీనా నా ముఖంలోకే చూస్తోంది. "లేదు తల్లీ" అన్నాను. "నిజంగ అయితే చుక్క సచ్చిపోయింది. కాలూకు దొరకలే."

హానీ నా ముఖం చూసింది. పుస్తకం చూసింది. మళ్ళీ నా ముఖం చూసింది. తర్వాత నా చూపుడు వేలు పట్టుకుని లాగి, బొమ్మలో చుక్క కడుపు మీద ఆనించి, నా చెవిలో ఎంత గట్టిగా అరిచిందంటే, ఒక్క మాట కూడా పోకుండా వినపడింది:

"తాతా, నువ్వు అద్దాలు పెట్టుకోలే! ఇగో, ఈడనే ఉన్నది!"

మీ మామ